కాళ్ల వాపుకు మూలికా మాత్రలు: నల్లగొండలో కొన్నవి, వాడి చూసినవి

ఇరవై రెండేళ్లుగా బడిలో నిలబడి పాఠాలు చెబుతున్న నాకు, నిరుడు ఎండాకాలం సెలవులకు ముందు నుంచి సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాచడం, పిక్కలు బరువెక్కడం మొదలైంది. నల్లగొండ జిల్లాలో కాళ్లనొప్పి అనగానే అందరికీ ముందుగా గుర్తుకొచ్చేది నీళ్లలోని ఫ్లోరైడే కాబట్టి, నేనూ అదే అనుకొని కొన్ని నెలలు ఊరుకున్నాను. రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్ తీయించిన తరువాతే, కాలి సిరల్లోని కవాటాలు బలహీనపడడం వల్ల రక్తం పైకి పోలేక కిందనే నిలిచిపోతోందని తేలింది. డాక్టరు గారు బిగుతు మేజోళ్లు తొడుక్కోమన్నారు, రోజూ నడవమన్నారు. మూలికా మాత్రలు ఏవి కొన్నా ముందు తనకు చూపించమన్నారు.

ఆ మాట వినకుండా ఆన్‌లైన్‌లో 899 రూపాయలు పెట్టి ఒక సీసా తెప్పించుకున్నాను. దాని మీద పదకొండు మూలికల పేర్లు, అన్నీ కలిపి 500 మిల్లీగ్రాములని మాత్రమే ఉంది. ఏది ఎంతో లేదు. నెల రోజులు వాడినా మార్పు కనిపించలేదు. నేను మింగింది ఏమిటో, ఎంతో తెలియనప్పుడు అది పనిచేయలేదని గట్టిగా చెప్పడానికి కూడా వీలు లేకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది.

తరువాత క్లాక్ టవర్ దగ్గరి సందులో ఉన్న ఒక పాత మూలికల దుకాణానికి వెళ్లాను. నాకు హార్స్ చెస్ట్‌నట్ గింజల సారంతో చేసిన మాత్రలు, అత్తమ్మకు తెల్లమద్ది బెరడు పొడి, గింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్రలు అడిగాను. పెద్దాయన పొడి తూచే ముందు లోపలి నుంచి బెరడు ముక్క తెచ్చి, పైన బూడిదరంగులో నున్నగా, విరిస్తే లోపల ఎర్రగా ఉండడం చూపించి, ఇట్లా ఉంటేనే అసలుదని చెప్పారు. గింకో డబ్బా చేతిలోకి తీసుకొని మాత్రం ఆగారు. "అత్తమ్మకు రక్తం పలచబడే గోలీలు ఏమన్న నడుస్తున్నయా మేడం?" అని అడిగారు. గుండె కవాటం ఆపరేషన్ అయినప్పటి నుంచి వేసుకుంటోందని చెప్పగానే డబ్బాను తిరిగి అరలో పెట్టేశారు. పొడి కూడా డాక్టరును అడిగే వరకు ఇవ్వనన్నారు. గింకో గానీ, ఎక్కువ మోతాదులో వెల్లుల్లి మాత్రలు గానీ ఆ మందులతో కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉన్న మాట నిజం. చేతికందిన బేరాన్ని వదులుకొని ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకే నేను ఈ దుకాణం గురించి రాస్తున్నాను.

హార్స్ చెస్ట్‌నట్ మన అడవుల చెట్టు కాదు, యూరప్ నుంచి వచ్చినది. పచ్చి గింజలు విషపూరితం కాబట్టి, శుద్ధి చేసిన సారాన్నే వాడాలి. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి చూసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2012లో వెలువరించిన సమీక్ష 17 ప్రయోగాలను పరిశీలించి, సిరల బలహీనత వల్ల వచ్చే కాళ్ల నొప్పి, వాపు కొద్దికాలం వాడకంలో తగ్గుతున్నాయని తెలిపింది. ఆ ప్రయోగాల్లో తరచుగా వాడిన మోతాదు రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 50 మిల్లీగ్రాముల ఎస్సిన్, అంటే ఆ గింజల్లో పనిచేసే ముఖ్య పదార్థం. నేను కొన్న పెట్టె మీద ఆ ఎస్సిన్ పరిమాణం, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, "ఔషధ వినియోగానికి కాదు" అన్న హెచ్చరిక స్పష్టంగా ఉన్నాయి. డాక్టరు గారికి చూపించాకే మొదలుపెట్టి, అన్నం తిన్న తరువాత వేసుకున్నాను; మొదటి వారం కాస్త కడుపులో తిప్పినట్టు ఉండి, తరువాత సర్దుకుంది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఒకే వేళకు కుట్టుపని టేపుతో కుడి చీలమండ చుట్టుకొలత చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. 26 సెంటీమీటర్లు ఉన్నది ఎనిమిది వారాలకు 24.5కు వచ్చింది. మేజోళ్లు, నడక కూడా సాగుతున్నాయి కాబట్టి, మాత్రల వాటా తెలుసుకోవడానికి రెండు వారాలు మాత్రలను మాత్రమే ఆపి చూశాను. చుట్టుకొలత 25కు చేరింది. అంటే ఎక్కువ మేలు చేసింది మేజోళ్లు, నడకలే. మాత్రలు వాటికి తోడు నిలిచాయి, అంతే. ఉబ్బిన సిరలు ఉబ్బినట్టే ఉన్నాయి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు కనుక, మాత్రల కోసం అంగడికి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తెల్లమద్దిని ఆయుర్వేదంలో పాలలో కాచి గుండె బలానికి ఇస్తారు, కాలి సిరలకు కాదు. డాక్టరు గారు వద్దన్నందున అత్తమ్మకు అది తీసుకోలేదు.

దుకాణంలో నాకు నచ్చనిది ఒక్కటే. విడిగా తూచి ఇచ్చే పొడుల పొట్లాల మీద తేదీ ఉండదు, అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు. మొన్న వెళ్లినప్పుడు ఆ సంగతి చెబితే, పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, పక్కన నిలబడ్డ ముసలాయన కోసం కట్టిన కరక్కాయ పొడి పొట్లం మీద దంచిన తేదీ రాసి ఇచ్చారు.