జిగ్ సీసీ రివ్యూ: సిస్‌రూట్ తంటా తీరుతుంది, డీఫాల్టులతో మాత్రం జాగ్రత్త

సీ, సీ++ ప్రోగ్రామ్‌ని వేరే ప్లాట్‌ఫామ్‌కి మార్చేటప్పుడు కోడ్ దిద్దడం కన్నా ముందే ఓపిక హరించేది ఇంకొకటుంది: క్రాస్ కంపైలర్ (ఒక మెషీన్‌లో నడుస్తూ వేరే ప్లాట్‌ఫామ్‌కి బిల్డ్ చేసేది), దానికి సరిపడే హెడర్లు, లైబ్రరీలు, అవన్నీ ఉండే సిస్‌రూట్ ఫోల్డర్ కూర్చుకోవడం. జిగ్ భాషతో వచ్చే 'జిగ్ సీసీ' ఆ పని తప్పిస్తుంది. 2020లో 0.6.0 వెర్షన్‌తో వచ్చింది. లోపల ఉన్నది క్లాంగ్ అనే సీ, సీ++ కంపైలరే. దాంతో పాటు మజల్ (లినక్స్‌కి చిన్న సీ లైబ్రరీ), మింగ్‌డబ్ల్యూ (విండోస్‌కి) సోర్సులు, జీలిబ్‌సీ (చాలా లినక్స్‌లు వాడే సీ లైబ్రరీ) హెడర్లు, దాని సింబల్ (ఫంక్షన్ల పేర్ల) జాబితాలు, లిబ్‌సీ++ (సీ++ లైబ్రరీ) అన్నీ ఒకే ఆర్కైవ్‌లో ఉంటాయి. విప్పి, ఆ ఫోల్డర్‌ని పాత్‌లో పెడితే ఇన్‌స్టాలేషన్ అయిపోయినట్టే. జిగ్ భాష ఒక్క ముక్క రాకపోయినా పర్లేదు.

దీని అసలు సత్తా జీలిబ్‌సీ దగ్గర తెలుస్తుంది. కొత్త లినక్స్‌లో బిల్డ్ చేసిన బైనరీ పాత సర్వర్‌లో 'జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్' అంటూ మొరాయించడం మామూలే. జీలిబ్‌సీ 2.34లో థ్రెడ్ల లైబ్రరీ పీథ్రెడ్‌ని లిబ్‌సీలో కలిపేశారు, మెయిన్‌ని పిలిచే స్టార్టప్ ఫంక్షన్‌కి కూడా కొత్త సింబల్ వెర్షన్ ఇచ్చారు. అందుకే అక్కడ లింక్ చేస్తే ఖాళీ మెయిన్ ఉన్న ప్రోగ్రామ్ కూడా అంతకు ముందరి జీలిబ్‌సీ మీద లేవదు. పాత డిస్ట్రో కంటైనర్‌లో బిల్డ్ చేయడమే చాలామంది వాడే విరుగుడు. ఇక్కడైతే టార్గెట్ చివర జీలిబ్‌సీ నంబర్ తగిలిస్తే చాలు: '-టార్గెట్ ఎక్స్86_64-లినక్స్-గ్ను.2.17'. సెంటోస్ 7 వరకూ నడుస్తుంది. అయినా నమ్మి పంపేయకండి. ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో బైనరీ డైనమిక్ సింబల్ పట్టిక తీసి అందులో అన్నిటికన్నా పెద్ద జీలిబ్‌సీ నంబర్ ఏదో చూడండి. హోస్ట్ మెషీన్ నుంచి తెచ్చి కలిపిన లైబ్రరీ తన సొంత డిమాండ్లు తను పెడుతుంది, దాన్ని జిగ్ మార్చలేదు.

ఏ డిపెండెన్సీ లేని స్టాటిక్ బైనరీ కావాలంటే 'గ్ను' బదులు 'మజల్' అని రాయాలి. జీలిబ్‌సీని స్టాటిక్‌గా లింక్ చేయడం ఇందులో కుదరదు. స్టాటిక్ మజల్‌లో డీఎల్‌ఓపెన్ (నడుస్తుండగా లైబ్రరీ లోడ్ చేసే ఫంక్షన్) పనిచేయదు కాబట్టి ప్లగిన్లు లోడ్ చేసుకునే ప్రోగ్రామ్‌కి ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇక డీఫాల్టుల సంగతి. ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ ఏదీ ఇవ్వకపోతే జిగ్ దాన్ని డీబగ్ బిల్డ్‌గా లెక్కేసి, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్‌ని (ఫలితం ఇదీ అని సీ ప్రమాణం చెప్పని పనుల్ని పట్టే చెక్) తనే ఆన్ చేస్తుంది. లినక్స్‌లో మామూలుగా వాడే జీసీసీ కంపైలర్‌తో ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రామ్ 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చచ్చిపోతుంది, ఎందుకో చెప్పదు (కొత్త వెర్షన్లు కాస్త నయం, కారణం ప్రింట్ చేస్తాయి). తిట్టుకునే ముందు చూడండి: చాలాసార్లు తప్పు కోడ్‌లోనే ఉంటుంది, అలైన్ కాని పాయింటర్‌నో, సైన్డ్ ఓవర్‌ఫ్లోనో పట్టుకుని ఉంటుంది. తక్షణం వదిలించుకోవాలంటే '-ఎఫ్‌నో-శానిటైజ్=అన్‌డిఫైన్డ్'.

అదే ఎర్రర్ ఇంకో దారిలోనూ వస్తుంది. టార్గెట్ ఇవ్వకుండా బిల్డ్ చేస్తే జిగ్ మీ సీపీయూలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడేస్తుంది. జీసీసీ అలా చేయదు. ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న మెషీన్‌లో చేసిన బైనరీ అది లేని చోట పడిపోవచ్చు. బయటికి పంపే బిల్డ్‌కి, హోస్ట్, టార్గెట్ ఒకటే అయినా సరే, టార్గెట్ రాసి తీరాలి. లేదా '-ఎమ్‌సీపీయూ=బేస్‌లైన్' ఇవ్వాలి.

సీ++లో చిక్కు వేరు. జిగ్ వాడేది లిబ్‌సీ++. జీసీసీతో, అంటే దాని సీ++ లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++తో బిల్డ్ అయిన లైబ్రరీని కలిపితే, ఫంక్షన్ కళ్లముందే ఉన్నా 'అన్‌డిఫైన్డ్ సింబల్' అంటుంది. రెండింట్లో ఎస్‌టీడీ::స్ట్రింగ్ అసలు పేర్లు వేరు. ఒకవైపు '__సీఎక్స్ఎక్స్11', మరోవైపు '__1' కనిపిస్తే రోగం ఇదేనని తేల్చుకోవచ్చు. మందు ఒక్కటే, ఆ లైబ్రరీని కూడా జిగ్‌తోనే మళ్లీ బిల్డ్ చేయడం.

లింకర్ ఫ్లాగుల విషయంలో ఇది పట్టింపు మనిషి. '-డబ్ల్యూఎల్' ద్వారా పంపే ఆప్షన్లను తనే చదువుతుంది, తెలియనిది తగిలితే 'అన్‌సపోర్టెడ్ లింకర్ ఆర్గ్' అని ఆగిపోతుంది. పాత మేక్‌ఫైళ్లలో ఇలాంటివి ఒక్కొక్కటే ఏరాలి.

బిల్డ్ టూల్ సీమేక్‌తో వాడేటప్పుడు 'జిగ్ సీసీ' రెండు మాటలు కావడమే మొదటి అడ్డంకి. కంపైలర్ వేరియబుల్‌లో ఒక ప్రోగ్రామ్ పేరు ఉండటమే క్షేమం. కాబట్టి రెండు లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసి దాని పాత్ ఇవ్వండి. సీ++కి, లైబ్రరీ ఆర్కైవ్‌ల టూల్స్ ఏఆర్‌కి, రాన్‌లిబ్‌కి కూడా విడివిడిగా. టూల్‌చైన్ ఫైల్‌లో 'సీమేక్_సిస్టమ్_నేమ్' పెట్టడం మరిచిపోతే ఇది క్రాస్ బిల్డ్ అని సీమేక్‌కి తెలియదు. లైబ్రరీల పాత్‌లు వెతికిచ్చే పీకేజీ-కాన్ఫిగ్ ఇంకా ప్రమాదం: 'పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్'ని టార్గెట్ వైపు తిప్పకపోతే హోస్ట్ లైబ్రరీల పాత్‌లు చడీచప్పుడు లేకుండా దూరిపోతాయి. కాన్ఫిగర్ స్క్రిప్టులు తయారుచేసే ఆటోకాన్ఫ్‌లో '--హోస్ట్' ఇచ్చాక 'ఆర్‌పీఎల్_మాలాక్' దొరకలేదని ఎర్రర్ వస్తే, టెస్ట్ ప్రోగ్రామ్ నడపలేక కాన్ఫిగర్ తప్పు ఊహించిందన్నమాట. 'ఏసీ_సీవీ_ఫంక్_మాలాక్_0_నాన్‌నల్=యస్' అని ముందే చెప్పాలి.

విండోస్‌కి మింగ్‌డబ్ల్యూ బిల్డులు సాఫీగా వస్తాయి. మ్యాక్‌కి మాత్రం దాని మూల సిస్టమ్ లైబ్రరీ లిబ్‌సిస్టమ్ వరకే ఉంది. కోకోవా, మెటల్ లాంటి ఫ్రేమ్‌వర్కులు తగిలితే ఆపిల్ ఎస్‌డీకే వేరే తెచ్చుకోవాల్సిందే.

కోడ్‌లో ఉన్న ప్లాట్‌ఫామ్ ఊహల్ని ఏ కంపైలరూ దిద్దదు. ఆర్మ్ లినక్స్‌లో చార్ అన్‌సైన్డ్. గెట్‌చార్ ఫలితాన్ని చార్‌లో దాచుకుని ఈఓఎఫ్‌తో (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు, రుణ సంఖ్య) పోల్చే లూప్ అక్కడ ఆగనే ఆగదు. '-ఎఫ్‌సైన్డ్-చార్'తో గండం గడుస్తుంది, ఇంట్ చేయడం మంచిది. విండోస్ 64 బిట్‌లోనూ లాంగ్ 32 బిట్లే, పాయింటర్‌ని అందులో దాచే కోడ్ ఉంటే ఇంట్‌పీటీఆర్_టీకి మార్చండి.

జిగ్ ఇంకా 1.0కి చేరలేదు, వెర్షన్ మారితే ఫ్లాగుల తీరూ మారుతుంది. బిల్డ్ స్క్రిప్ట్‌లో నంబర్ కట్టేసి పెట్టుకోండి.