గుండె ముప్పు ఎంతో చెప్పే మూడు కాలిక్యులేటర్లు: వాడి చూశాక

గుండెపోటు గానీ పక్షవాతం గానీ ఇంతవరకు రాని వారికి ముందుజాగ్రత్తగా, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని తేల్చడానికి, వచ్చే పదేళ్లలో ఆ ముప్పు నూటికి ఎంతో లెక్కగట్టే కాలిక్యులేటర్లను చాలా దేశాల డాక్టర్లు వాడుతున్నారు. ఇంటర్నెట్‌లో ఇవి ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. బ్రిటన్‌లో వాడే క్యూరిస్క్3, యూరప్ గుండె వైద్యుల సంఘం వారి స్కోర్2, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారి ప్రివెంట్, ఈ మూడింటిలోనూ లిపిడ్ (కొలెస్ట్రాల్) పరీక్ష రిపోర్టు పక్కన పెట్టుకుని నా వివరాలు నింపాను. మూడూ మూడు శాతాలు చూపించాయి. ఆ తేడా ఎందుకు వస్తుందో తెలియకుండా వీటిని వాడితే లేనిపోని భయమో, లేనిపోని ధీమానో మిగులుతుంది.

2021లో వచ్చిన స్కోర్2 అడిగే వివరాలు తక్కువే: వయసు, స్త్రీయా పురుషుడా, పొగతాగే అలవాటు, పై రక్తపోటు, కొలెస్ట్రాల్. వీటితో పాటు దేశాల వర్గాన్ని కూడా ఎంచుకోవాలి. గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించే మరణాలను బట్టి దేశాలను నాలుగు వర్గాలు చేశారు. ఫ్రాన్స్, స్పెయిన్ ముప్పు తక్కువ వర్గంలోనూ, జర్మనీ, ఇటలీ మధ్యస్థంలోనూ, పోలండ్, హంగరీ ఎక్కువలోనూ, రొమేనియా, బల్గేరియా మరీ ఎక్కువలోనూ ఉన్నాయి. దీన్ని తయారుచేసినవారే ఒక ఉదాహరణ ఇచ్చారు. పొగతాగే 50 ఏళ్ల పురుషుడికి పై రక్తపోటు 140, మొత్తం కొలెస్ట్రాల్ 5.5 మిల్లీమోల్‌లు, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 1.3 మిల్లీమోల్‌లు ఉన్నాయనుకుంటే, మొదటి వర్గం దేశంలో అతని ముప్పు 5.9 శాతం, నాలుగో వర్గం దేశంలో 14 శాతం. ఒంట్లో ఏమీ మారలేదు, ఉండే దేశం ఒక్కటే మారింది. 2021 నాటి యూరప్ మార్గదర్శకాల ప్రకారం ఆ వయసులో 5 నుంచి 10 లోపు ఉంటే మందు గురించి ఆలోచించాలి, 10 దాటితే మందు ఇవ్వడమే సాధారణంగా మంచిది. అంటే అదే మనిషికి ఒక దేశంలో డాక్టరు మాత్ర రాయకపోవచ్చు, మరో దేశంలో తప్పక రాయవచ్చు.

దీన్ని లోపమని కొట్టిపారేయడం సరికాదని నా అభిప్రాయం. ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ 39 మిల్లీగ్రాములు తగ్గితే పెద్ద గుండె, రక్తనాళాల ఘటనలు దాదాపు ఐదో వంతు తగ్గుతాయని పెద్ద పరిశోధనల్లో తేలింది. ఆ లెక్కన 14 శాతం ముప్పు ఉన్న వందమందిలో సుమారు ముగ్గురికి మేలు జరిగితే, 5.9 శాతం ఉన్న వందమందిలో ఒకరికి మించి పెద్దగా జరగదు. ప్రాంతాన్ని దాచకుండా ముందే అడగడం స్కోర్2లో నాకు బాగా నచ్చిన గుణం. అయితే భారతదేశం ఈ నాలుగు వర్గాల్లో దేనిలోనూ లేదు. ఒక దేశంలో పుట్టి మరో దేశంలో స్థిరపడిన వారి వారసత్వపు ముప్పు గురించి ఇది ఏమీ అడగదు. నలభై ఏళ్లలోపు వారికి ఇది పనికిరాదు. కొలెస్ట్రాల్‌ను మిల్లీమోల్‌లలో అడిగే చోట మన రిపోర్టులో మిల్లీగ్రాముల్లో ఉండే అంకెను, ఉదాహరణకు 213ను, 38.67తో భాగించి వేసుకోవాలి.

అడగవలసినవి ఎక్కువగా అడిగేది క్యూరిస్క్3. దీనిలో భారతీయ, పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలకు వేర్వేరు ఎంపికలున్నాయి. మైగ్రేన్, కీళ్లవాతం, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మాత్రలు, అరవై ఏళ్లలోపే గుండెజబ్బు వచ్చిన తోబుట్టువులో తల్లిదండ్రులో ఉన్నారా అన్నవన్నీ ఉన్నాయి. బ్రిటన్ పోస్ట్‌కోడ్ వేస్తే ఆ వీధి పేదరికాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. అలా వదిలిన చోట సగటు విలువ వేసుకుంటుంది కనుక, బయటి దేశాల వారు ఆ ఫలితాన్ని అంచనాగానే తీసుకోవాలి. మరో మాట: బ్రిటన్‌లో మాత్ర ఇవ్వజూపే హద్దును 2014లో 20 శాతం నుంచి 10కి దించారు, 2023లో అంతకన్నా తక్కువ ఉన్నవారు కోరుకున్నా కాదనవద్దని చేర్చారు. ముప్పు 12 శాతం ఉన్న మనిషి 2014లోని ఆ ఒక్క మార్పుతోనే మాత్ర అక్కర్లేనివాడి నుంచి మాత్ర తగినవాడయ్యాడు.

ప్రివెంట్ 2023లో వచ్చింది. అమెరికాలో అంతకుముందు వాడిన 2013 నాటి లెక్క ముప్పును ఎక్కువ చేసి చూపుతోందని తేలడంతో, జాతి ప్రశ్న తీసివేసి, కిడ్నీ పనితీరును చేర్చి దీన్ని తయారుచేశారు. వయసు తక్కువున్న వారికి ముప్పై ఏళ్ల ముప్పు కూడా చూపడం దీని పెద్ద బలం. పదేళ్ల అంకె చూసి నిశ్చింతగా ఉండే నలభై ఏళ్లవారికి అది కళ్లు తెరిపిస్తుంది. అయితే పాత లెక్కకు పెట్టిన 7.5 శాతం హద్దునే దీనికీ పెడితే మాత్రకు అర్హులయ్యేవారు బాగా తగ్గిపోతారు. కుటుంబ చరిత్రనూ దక్షిణాసియా మూలాన్నీ ఇది అడగకపోవడం నాకు లోటుగా అనిపించింది, ఎందుకంటే 2018 అమెరికా మార్గదర్శకాలే ఆ రెండింటినీ ముప్పు పెంచేవాటిలో చేర్చాయి.

ఒక్కదానినే ఎంచుకోమంటే, దక్షిణాసియా మూలం ఉన్నవారికి క్యూరిస్క్3నే సూచిస్తాను. డాక్టరు దగ్గరికి శాతం ఒక్కటే కాకుండా, అది ఏ కాలిక్యులేటర్‌లో వచ్చిందో, ఏ గడులు ఖాళీగా వదిలారో కూడా రాసుకుని వెళ్లాలి. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారు, ఎల్‌డీఎల్ 190 దాటినవారు వీటిలో లెక్క వేసుకుంటూ కాలం గడపకూడదు. వారికి మందు అవసరమని తేల్చడానికి ఈ శాతాలతో పని లేదు.