మామూలు ఫోన్‌లో బొమ్మలు గీయడం: ఐబిస్ పెయింట్ ఎక్స్‌ను కొన్నేళ్లు వాడిన తర్వాత

తిరుపతిలో పెళ్లిపత్రికలకు, చీరల అంచులకు నమూనాలు గీసి ఇవ్వడం నా పని. ఒకప్పుడు కాగితం మీద గీసి, స్కాన్ చేయించి, డీటీపీ సెంటర్‌లో శుభ్రం చేయించేదాన్ని. కొన్నేళ్లుగా 6 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐబిస్ పెయింట్ ఎక్స్ అనే యాప్‌లోనే ఆ పనిలో ఎక్కువ భాగం చేస్తున్నాను. డిజిటల్ బొమ్మలు మొదలుపెట్టడానికి ఐప్యాడ్ కొనాలా అని అడిగేవారికి నా జవాబు అక్కరలేదనే. అయితే ఫోన్ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ చాలదో ముందే తెలిస్తే డబ్బు, విసుగు రెండూ తగ్గుతాయి.

ఈ యాప్‌లో ముందుగా చేతికి పట్టించుకోవలసింది బ్రష్షులు కాదు, లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శకమైన పొరలు. మన శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో కసిమి అనే ఇనుప ద్రావణపు గీత పడగానే, కసిమిలోని ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడిపోతుంది కాబట్టి ఆ గీతను తుడిచే వీలుండదు. రంగులన్నీ ఆ గీతకు లోబడి తర్వాత వచ్చి చేరవలసిందే. ఫోన్‌లోనూ నేను అదే వరుస పాటిస్తాను. నల్లగీతల లేయరు పైన ఉంటుంది, రంగుల లేయర్లు దాని కింద ఉంటాయి, అందువల్ల ఎంత రంగు పూసినా గీత మాసిపోదు. రంగు లేయరు మీద ఇంకొక లేయరును క్లిప్పింగ్ చేసి (కింది ఆకారానికే పరిమితం చేసి) నీడలు వేస్తే అవి ఆకారం దాటి బయటికి పోవు. గీతను సవరించినా రంగు చెదరదు, రంగు మార్చినా గీత కదలదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే కాగితం వదిలి రావచ్చునని నా అభిప్రాయం.

వేలితో గీయడం అందరూ భయపెట్టినంత కష్టం కాదు గాని, వేలి కింద గీత కనబడకపోవడం నిజమైన ఇబ్బంది. బజారులో దొరికే చవక స్టైలస్ పెన్నుల్లో రబ్బరు మొనవాటికంటే పారదర్శకమైన చిన్న బిళ్ల ఉన్నవి మేలు. మొన ఎక్కడ తాకుతోందో వాటిలో కనిపిస్తుంది. ఈ రెండు రకాలనూ ఫోన్ వేలుగానే భావిస్తుంది కాబట్టి చేతి ఒత్తిడిని బట్టి గీత లావు, సన్నం కావు. ఆ లోటును బ్రష్ అమరికల్లో గీత మొదట, చివర ఎంత మందం ఉండాలో నిర్ణయించుకుని కొంత పూడ్చుకోవచ్చు. వణుకును సర్దడానికి స్టెబిలైజర్ ఉంది. దాన్ని మరీ పెంచితే గీత వేలి వెనక ఆలస్యంగా నడుస్తుంది, చిన్న మలుపులు మొద్దుబారతాయి. కలంకారీ బొమ్మల కళ్లకు ఎక్కువ పెట్టుకుంటాను, లతలకు తగ్గిస్తాను. మన మే నెలలో చెమట వేలు అద్దానికి అంటుకుని గీత తెగుతుంది. చూపుడు వేలికి కొద్దిగా పౌడరు రాసుకోవడం కంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు. ముగ్గులకు, అంచులకు సిమెట్రీ రూలర్ ఎంత పని తగ్గిస్తుందంటే, ఒక పాయ గీస్తే మిగతా పాయలు వాటంతట అవే పడుతుంటాయి.

కాన్వాస్ పరిమాణాన్ని మొదటి గీతకు ముందే నిర్ణయించుకోవాలి. 1080 పిక్సెళ్ల వెడల్పుతో గీసిన బొమ్మను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అచ్చు వేస్తే వెడల్పు మూడున్నర అంగుళాలకు కొద్దిగా మించుతుంది, అంతే. తర్వాత సాగదీస్తే మసకబారుతుంది. ఏ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. అంత పరిమాణంలో ఒక్కొక్క లేయరుకు దాదాపు 35 ఎంబీ మెమరీ అవసరమవుతుంది కనుకనే కాన్వాస్ పెరిగేకొద్దీ యాప్ అనుమతించే లేయర్ల సంఖ్య తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఛార్జింగ్ పెట్టి గీస్తే ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంది. నేను పెద్ద పనులు ఉదయమే పెట్టుకుంటాను, పూర్తయిన రంగు లేయర్లను ఒకటిగా కలిపేస్తాను.

రంగుల విషయంలో ఫోన్ తెరను పూర్తిగా నమ్మకూడదు. తెర వెలుగుతో రంగు చూపుతుంది, అచ్చు యంత్రం సిరాతో వేస్తుంది. ప్రకాశవంతమైన ఆకుపచ్చలు, నీలాలు కాగితం మీద చప్పబడతాయి. తెరను వివిడ్ నుంచి న్యాచురల్‌కు మార్చి, కళ్లకోసం పెట్టుకునే పసుపు వెలుగును ఆపి రంగులు ఎంచుకుంటే తేడా కొంత తగ్గుతుంది. కలంకారీ ఎరుపు, గోధుమ, ఆవపసుపు వంటి రంగులు అచ్చులో పెద్దగా మారవు, అది మన అదృష్టం. (పుట్టినరోజు ఫ్లెక్సీల రంగులను మాత్రం ఎవరూ ప్రమాణంగా తీసుకోవద్దు.)

ఉచిత యాప్‌లో ప్రకటనలు వస్తాయి, కొన్ని బ్రష్షులకు ప్రకటన చూడాలి. ఒకసారి డబ్బు కట్టి ప్రకటనలు తీసేయించుకునే వీలుంది. రోజూ గీసేవారికి అది దండగ ఖర్చు కాదు. యాప్ తొలగిస్తే ఫోన్‌లో దాచిన బొమ్మలు కూడా పోతాయి కాబట్టి పూర్తయిన ప్రతి పనినీ పీఎస్‌డీగా (ఫోటోషాప్ ఫైలుగా) బయటికి తీసి వేరేచోట దాచుకోవాలి. పీఎస్‌డీలో లేయర్లు అలాగే ఉంటాయి, డీటీపీ సెంటర్‌లోని ఫోటోషాప్‌లో నేరుగా తెరుచుకుంటాయి.

వేలితో గీయడం అలవాటై, ఒత్తిడి తేడా లేదన్న వెలితి రోజూ తగులుతుంటే అప్పుడు మూడు నాలుగు వేల రూపాయల పెన్ ట్యాబ్లెట్ (ఒత్తిడిని గుర్తించే పెన్నుతో గీసే పలక) కొనవచ్చు. ఫోన్‌కు ఓటీజీ కేబుల్ ద్వారా తగిలించేటప్పుడు నిలువు తెరకు తగినట్టు పలక మీద కొంత భాగమే పనిచేసే మోడళ్లు ఉన్నాయి. కొనేముందు ఆండ్రాయిడ్‌కు పనికొస్తుందో లేదో, ఎంత భాగం వాడుకోవచ్చో అడగాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే అదే పలకను దానికి తగిలించి, పూర్తిగా ఉచితమైన క్రీటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పీఎస్‌డీ తెరిచి పని కొనసాగించవచ్చు. అచ్చుకు కావలసిన సీఎంవైకే (నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాల) రంగుల పద్ధతి అందులో ఉంది కాబట్టి పెళ్లిపత్రికల పని చివరి మెట్టు నేను అక్కడే పూర్తి చేస్తున్నాను.