అండాశయంలో పీకేఏ, పీకేసీ: నిలబెట్టేది ఒకటి, కూల్చేది ఒకటి

కందుకూరు పక్కల ఒంగోలు ఆవు ఎదకు రాకపోతే క్లోప్రోస్టినాల్ (ఎదకు తెచ్చే హార్మోన్ మందు) 500 మైక్రోగ్రాములు కండలోకి వేయించడం మామూలే. అది నడిచేది ఎక్కువగా పీకేసీ (ప్రోటీన్ కైనేజ్ సి; కైనేజ్ అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పని మార్చే ఎంజైమ్) దారిలో: కణంలో కాల్షియం పెరుగుతుంది, ఈ కైనేజ్ చురుకవుతుంది, కార్పస్ లూటియంలో (అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే గ్రంథి) ప్రొజెస్టిరాన్ (చూడిని నిలిపి, ఎదను ఆపి ఉంచే హార్మోన్) పడిపోతుంది. 2–5 రోజుల్లో ఎద.

పీకేఏ (ప్రోటీన్ కైనేజ్ ఎ) ది ఎదురు దారి. ఎల్‌హెచ్ (పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోన్) తగలగానే కణంలో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరిగి పీకేఏ మేల్కొంటుంది. కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా లోపలికి చేర్చే స్టార్ ప్రోటీన్ పెరిగి ప్రొజెస్టిరాన్ తయారవుతుంది. అండం విడుదలకూ ఇదే దారి.

ఎద అయిన 5 రోజుల్లోపు వేస్తే సూది దండగే. లేత కార్పస్ లూటియంలో పీకేసీ ఎప్సిలాన్ (పీకేసీలో ఒక రకం) తక్కువ, అందుకే లొంగదు. చూడి పరీక్ష చేయకుండా వేస్తే ఆవు ఈసుకుపోతుంది (చూడి పోతుంది). అన్నట్టు, ఆ మందు చర్మం గుండా ఎక్కుతుంది. గర్భిణులు సీసా ముట్టకూడదు.