ఆఫ్రికా మిషన్ ఆసుపత్రికి సర్జరీ మేలా, ఫ్యామిలీ మెడిసిన్ మేలా?

ఎంబీబీఎస్ ముగించి ఆఫ్రికా పల్లెల్లో మిషన్ డాక్టరుగా సేవ చేయాలనుకునే మన పిల్లలు పదేపదే అడిగేది ఒకటే: ఏ పీజీ చేసి వెళ్తే అక్కడ ఎక్కువ అక్కరకొస్తాం?

ఎంఎస్ జనరల్ సర్జరీ విలువ కాదనలేనిది. నైజర్‌లోని గాల్మి లాంటి చోట్ల టైఫాయిడ్‌తో చిన్నపేగుకు చిల్లుపడిన పిల్లలు ఆలస్యంగా, పొట్టనిండా చీముతో వస్తారు. చిల్లు అంచులు కత్తిరించి కుట్టాలా, ఆ పేగు ముక్కే తీసేయాలా అన్నది చేయి తిరిగిన సర్జన్ తేల్చాల్సిన విషయం. కాలిన గాయాలకు చర్మం అతకడమూ అంతే.

అయినా నా మొగ్గు కాన్పులు, పిల్లల జబ్బులు, పెద్దల జబ్బులు అన్నీ కలిపి నేర్పే ఫ్యామిలీ మెడిసిన్ వైపే. కారణం కాన్పులు. మామూలు సిజేరియన్ల కోసం మీరు వెళ్లనక్కర్లేదు. మలావీలో క్లినికల్ ఆఫీసర్లు, మొజాంబిక్‌లో సర్జరీ టెక్నీషియన్లు (డాక్టర్లు కాకపోయినా శిక్షణ పొందినవాళ్లు) వాటిని చక్కగా చేస్తారు. మిమ్మల్ని నిద్రలేపేది రెండు రోజులు నొప్పులు పడి వచ్చిన తల్లి కోసం. బిడ్డ తల కటిలో ఇరుక్కుపోయి ఉంటుంది. గర్భసంచి కింది భాగం కాగితంలా పలచబడి ఉంటుంది. మామూలు చోట కోసి తల పైకి లాగితే కోత పక్కకి చీలి గర్భాశయ ధమని తెగొచ్చు. అందుకే కాస్త పైన కోయాలి. కిందినుంచి ఒకరు తల నెట్టాలి, లేదా పట్వర్ధన్ పద్ధతిలో ముందు భుజాలు, తర్వాత కాళ్లు తీసి తలను చివరికి ఉంచాలి. మూత్రాశయం నలిగి ఉంటుంది కాబట్టి క్యాథెటర్ 10 నుంచి 14 రోజులు ఉంచాలి; తొందరపడి తీస్తే ఫిస్టులా (మూత్రం ఆగకుండా కారే రంధ్రం) ముప్పు పెరుగుతుంది. ఇవేవీ మన సర్జరీ పీజీలో చేతికి రావు.

మత్తు చాలాచోట్ల నర్సే ఇస్తారు, కానీ ఏది ఇవ్వాలో మీరూ తేల్చుకోగలగాలి. తల్లి నిలకడగా ఉంటే 0.5 శాతం హెవీ బుపివకైన్ సుమారు 2 మి.లీ. వెన్నులోకి. గర్భసంచి చిరిగి రక్తం పోతుంటే వెన్ను మత్తు బీపీని ఇంకా పడేస్తుంది. అప్పుడు కెటమిన్, అదీ తగ్గించిన మోతాదులో. తుడిచి తట్టినా ఊపిరి తీసుకోని బిడ్డకు తొలి నిమిషంలోనే బ్యాగ్-మాస్క్‌తో గాలి అందించాలి. అదే రాత్రి వార్డులో ఫిట్స్‌తో మలేరియా బిడ్డ: ముందు షుగర్ చూడాలి, తర్వాత ఆర్టిసునేట్ కిలోకు 2.4 మి.గ్రా., 20 కిలోల లోపు పిల్లలకైతే 3 మి.గ్రా.; మళ్లీ 12, 24 గంటలకు. ఒక్క డాక్టరే ఉన్న చోట ఇవన్నీ ఆ ఒక్కరి పనే.

గైనిక్ పీజీ అయితే కాన్పులకు భేషు, పిల్లల వార్డులో ఇబ్బంది. పీడియాట్రిక్స్‌తో ఒంటరిగా వెళ్లడం కష్టం.

సర్జరీయే మేలయ్యే చోటూ ఉంది: కెన్యాలోని టెన్వెక్, కిజాబే లాంటి పెద్ద బోధనాసుపత్రులు. అక్కడ పాక్స్ (PAACS, ఆఫ్రికాలో సర్జన్లను తయారుచేసే క్రైస్తవ సంస్థ) ద్వారా ఆఫ్రికన్ డాక్టర్లకు 5 ఏళ్ల సర్జరీ శిక్షణ నడుస్తోంది. మీరు కోసేదానికన్నా నేర్పేది ఎక్కువ మందిని కాపాడుతుంది.

ఫ్యామిలీ మెడిసిన్ డీఎన్‌బీ (జాతీయ బోర్డు ఇచ్చే పీజీ) ఎంచుకుంటే, చేరకముందే ఆ ఆసుపత్రిలోని సీనియర్ పీజీలను అడగండి: సిజేరియన్‌లో కత్తి మీ చేతికిస్తారా, పక్కన నిలబెడతారా? స్పైనల్ (వెన్ను మత్తు) మీరే వేస్తారా? లేదని చెబితే సీటు వేరేచోట చూసుకోండి.