మూడు లిపుల కాగితం మీద లిబ్రే ఆఫీస్: 7.1 నుంచి 25.2 దాకా వాడాక

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో డీటీపీ బల్ల మీదికి వచ్చే కాగితం ఒక్క భాషతో సరిపెట్టుకోదు. తహసీల్దారుకు అర్జీ ఒడియాలో, పాతపట్నం వైపు వాళ్లతో రాసుకునే ఒప్పందం తెలుగులో, బ్యాంకు ఉత్తరం ఇంగ్లీషులో. శుభలేఖ అయితే మూడూ ఒకే అట్ట మీద. రాయగడ, గుణుపురం, కాశీనగర్‌లలోనూ ఇదే వరస. 2021లో వచ్చిన 7.1 వెర్షన్‌తో మొదలుపెట్టి 25.2 దాకా, వర్డ్, ఎక్సెల్ పనులు ఉచితంగా చేసిపెట్టే లిబ్రే ఆఫీస్‌ను రోజూ ఈ పనికే వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ప్రింటుతోనో పీడీఎఫ్‌తోనో ముగిసే పనికి నిక్షేపంగా పనికొస్తుంది. నలుగురి చేతులు మారుతూ, లోపల మాక్రోలు (పనిని తమంతట తామే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) నడిచే ఎక్సెల్ ఫైలుకు పనికిరాదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ నుంచి దీనికి మారినవాళ్లు వారం తిరక్కుండా వెనక్కి పోవడానికి కారణం మెనూలు కొత్తగా ఉండడం కాదు, ఫాంట్లు. అందుకే సగం సమీక్ష వాటికే పోతుంది.

ముందు ఏది దించుకోవాలో చూద్దాం. ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి వచ్చిందే లిబ్రే ఆఫీస్. ఓపెన్ ఆఫీస్ కూడా ఇంకా దొరుకుతుంది, దాన్ని దించుకోకండి. వర్డ్ వాళ్ల డాక్ఎక్స్ ఫైలు తెరుస్తుంది గానీ ఆ రూపంలో తిరిగి సేవ్ చెయ్యదు. లిబ్రేకి ఏటా రెండు పెద్ద విడుదలలు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. 2024 నుంచి అంకె కూడా సంవత్సరం, నెల ప్రకారమే: 24.2, 24.8, 25.2, 25.8. కొత్త అంకె రాగానే ఎగబడొద్దు. 25.8.0లా మూడో అంకె సున్నా ఉన్నది ఊరంతా పరీక్షించడానికి వదిలేసి, ఆ మూడో అంకె నాలుగుకు వచ్చాక ఎక్కించుకుంటే చికాకులు తక్కువ. విండోస్ 7, 8 మీద నడిచే పాత పెట్టెలుంటే 25.2 దగ్గరే ఆగిపోవాలి, 25.8 వాటి మీద నడవదు. ఎక్కించేటప్పుడు కస్టమ్ నొక్కి తెలుగు నిఘంటువుకు టిక్కు పెట్టండి. మెనూలు తెలుగులోకి మార్చుకునే వీలుంది గానీ ఇంగ్లీషులోనే ఉంచితే మేలు. ఏదైనా ఆగినప్పుడు ఫోన్లో అవతలివాళ్లు చెప్పే పేరూ తెర మీద కనిపించే పేరూ ఒకటే అవ్వాలి కదా.

ఇక అసలు సంగతి. లిబ్రేలో వర్డ్ లాంటి భాగమైన రైటర్ ప్రతి అక్షరాన్నీ మూడు గుంపుల్లో ఒకదానిలో వేసుకుంటుంది. వెస్టర్న్ అంటే ఇంగ్లీషు వగైరా, ఏషియన్ అంటే చైనా జపాన్ లిపులు, కాంప్లెక్స్ అంటే మన లిపులు. గుంపుకొక ఫాంటు, గుంపుకొక సైజు, గుంపుకొక భాష. ఇది తెలియక ఖాళీ వరసలో కర్సరు పెట్టి, కీబోర్డు ఇంగ్లీషులో ఉండగా పైపట్టీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఎంచుకుంటారు. ఆ ఎంపిక వెస్టర్న్ గుంపుకు అంటుకుంటుంది. తర్వాత తెలుగు కొడితే పాత ఫాంటే వస్తుంది. "ఫాంటు మారట్లేదు" అనే ఫిర్యాదు ఇదే.

చెయ్యవలసింది ఒక్కసారే. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్, అందులో జనరల్. కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పక్కన టిక్కు పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత రైటర్లో ఎఫ్11 నొక్కి, డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద కుడి మీట నొక్కి మార్చడానికి తెరవండి. ఫాంట్ పేజీలో కాంప్లెక్స్ భాగం కనిపిస్తుంది. అక్కడ తెలుగు ఫాంటు, సైజు, భాష పెట్టి, ఆ ఖాళీ కాగితాన్ని టెంప్లేటుగా సేవ్ చేసి డిఫాల్ట్ చేసేయండి. సైజు విడిగా ఇవ్వగలగడం చిన్న విషయం కాదు. ఇంగ్లీషు 12 పక్కన తెలుగు 12 నప్పదనిపిస్తే తెలుగుకు 13 పెట్టి మరిచిపోవచ్చు.

చిక్కు ఎక్కడంటే, తెలుగూ ఒడియా రెండూ ఆ కాంప్లెక్స్ గుంపులోవే. ఉన్న పెట్టె ఒకటి, లిపులు రెండు. గౌతమిలో ఒడియా అక్షరాలు లేవు కాబట్టి ఒడియా కొట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేరే ఫాంటు తెచ్చి చూపిస్తుంది, పైపట్టీలో పేరు మాత్రం గౌతమి అనే ఉంటుంది. కొన్ని కంప్యూటర్లలో తెలుగు ఫైలు తెరిస్తే ఫాంటు పేరు మంగళ్ అనో లోహిత్ దేవనాగరి అనో కనిపించేదీ ఇందుకే. అది హిందీ ఫాంటు, తెలుగు ఎక్కడినుంచో అరువు. మన దగ్గర అరువిచ్చిన ఫాంటు వేరు, అవతలి కంప్యూటర్లో వేరు. అక్షరం వెడల్పు మారుతుంది, ఇక్కడ రెండు పేజీల్లో ముగిసిన ఒప్పందం అక్కడ మూడో పేజీలోకి నాలుగు వరసలు జారుతుంది, సంతకం చోటు ఎటో పోతుంది.

దీనికి మందు క్యారెక్టర్ స్టైలు. ఎఫ్11 పట్టీలో పైన రెండో గుర్తు నొక్కి, కొత్త స్టైలు చేసి "ఒడియా" అని పేరు పెట్టండి. కాంప్లెక్స్ ఫాంటుగా నోటో సాన్స్ ఒరియా గానీ కళింగ గానీ ఇచ్చి, భాష ఒడియా చెయ్యండి. తర్వాత టూల్స్‌లో కస్టమైజ్, కీబోర్డ్ పేజీలో స్టైల్స్ కింద ఆ పేరు వెతికి, ఖాళీగా ఉన్న మీట ఒకటి దానికి కట్టెయ్యండి. ఒడియా ముక్కను ఎంచుకుని ఆ మీట నొక్కితే చాలు. రోజుకు ఇరవై సార్లు చేసే పనికి ఇది లేకుండా గడవదు.

అంకెల సంగతి కూడా గుర్తుంచుకోండి. అంకెలకూ చుక్కలకూ సొంత గుంపు లేదు, ముందున్న అక్షరం ఏ గుంపుదైతే అందులో చేరతాయి. తెలుగు మాట తర్వాత వచ్చిన 5,000 ఒక ఫాంటులో, పట్టికలో గదిలో ఒంటరిగా ఉన్న 5,000 ఇంకో ఫాంటులో పడతాయి. దూరం నుంచి తెలియదు, ప్రింటులో కళ్లకు గుచ్చుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉన్న మండలి లాంటి తెలుగు ఫాంటును వెస్టర్న్, కాంప్లెక్స్ రెండు చోట్లా పెడితే ఈ గొడవ లేదు.

ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో శీర్షికలకు గిడుగు బాగుంటుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారి పేరే దానికి పెట్టారు. ఊరి అభిమానం పక్కన పెట్టి చూసినా, శుభలేఖ మీద పేర్లకు నిండుగా ఉంటుంది. చిన్న సైజులో మాత్రం వాడొద్దు.

వత్తులు కోసుకుపోవడం ఇంకో ఫిర్యాదు. తెలుగు అక్షరం కిందికి దిగుతుంది, పైకీ లేస్తుంది. వర్డ్‌లో వరసల దూరం "ఎగ్జాక్ట్‌లీ" అని పెట్టిన ఫైలు ఇక్కడికి "ఫిక్స్‌డ్"గా వస్తుంది. 12 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల వరస ఇస్తే ఇంగ్లీషుకు చాలు, "స్త్ర"కు చాలదు. పేరాగ్రాఫ్ పెట్టెలో దాన్ని "ఎట్ లీస్ట్"కు మార్చండి. "ప్రొపోర్షనల్" పెట్టి నూరు శాతం కంటే తగ్గించినా ఇదే తంటా, ఈసారి తెగేది పైభాగం.

అను, అకృతి ఫాంట్లలో ఉన్న పాత సరుకు ఇంకో లోకం. అవి యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) కావు. లోపల ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మో ఒడియా బొమ్మో తొడుగుతుంది. రైటర్‌కు అది ఇంగ్లీషే. కాబట్టి ఫాంటు వెస్టర్న్ పెట్టెలో మార్చాలి. అంతకంటే ముందు ఆటోకరెక్ట్ ఆపాలి. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చెయ్యడం, కొటేషన్లను వంకరవి చెయ్యడం ఇంగ్లీషుకు మర్యాద, ఇక్కడ మాత్రం అక్షరం మారిపోయి ఒక గుణింతం బదులు ఇంకోటి కూర్చుంటుంది. టూల్స్‌లో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ తెరిచి ఆ రెండింటి టిక్కులు తీసేయండి. ఎర్ర గీతలు వద్దనుకుంటే షిఫ్ట్ ఎఫ్7. యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ప్రతి వరసా చదవాల్సిందే, తెలుగులో వత్తుల దగ్గర, ఒడియాలో అక్షరానికి ఎడమన పడే ఏత్వం దగ్గర తప్పులు దొర్లుతాయి. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్లను లిబ్రేలో బొమ్మలు గీసే భాగమైన డ్రా తెరుస్తుంది. తెరిచి చూసుకోవడానికీ అందులోని మాటర్ బయటికి తీసుకోవడానికీ సరే, దిద్ది మళ్లీ ప్రెస్సుకు పంపడానికి నమ్మొద్దు.

ఇచ్చిపుచ్చుకునే ఫైళ్ల దగ్గరికొస్తే, కాలిబ్రి బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కాలాడియా, టైమ్స్ బదులు లిబరేషన్ సెరిఫ్ లిబ్రేతోనే వస్తాయి. వెడల్పులు ఒకటే కాబట్టి పేజీలు జరగవు. కొత్త వర్డ్‌లో డిఫాల్టుగా వచ్చే ఆప్టోస్‌కు మాత్రం అలాంటి జంట లేదు, దాంతో చేసిన ఫైళ్లు జరుగుతాయి. మా పద్ధతి ఏమిటంటే, సొంత పని రైటర్ అసలు ఫైలు రూపమైన ఓడీటీలో దాచుకోవడం, అవతలికి పీడీఎఫ్ పంపడం, దిద్దుతామని అడిగితేనే డాక్ఎక్స్ ఇవ్వడం. పీడీఎఫ్ ఎగుమతిలో "హైబ్రిడ్ పీడీఎఫ్" అని ఒక టిక్కు ఉంది. అది పెడితే పీడీఎఫ్ కడుపులోనే అసలు ఫైలు ఉంటుంది. ఆరు నెలల తర్వాత పేరు మార్చమని అదే పీడీఎఫ్ తెస్తే లిబ్రేలో నేరుగా తెరిచి దిద్దొచ్చు. టిక్కు లేని మామూలు పీడీఎఫ్‌ను తెరిస్తే డ్రాలోకి పోయి, తెలుగు ముక్కచెక్కలవుతుంది.

స్టాంపు కాగితం పనికి మాత్రం వర్డ్ కంటే ఇదే హాయి. ఇందులో పేజీ కూడా ఒక స్టైలే. ఫస్ట్ పేజ్ స్టైల్ తెరిచి కాగితం లీగల్, అంటే 21.59 × 35.56 సెంటీమీటర్లు ఇవ్వండి. స్టాంపు ముద్ర ఎంతవరకు దిగిందో స్కేలుతో కొలిచి, దానికి ఒక సెంటీమీటరు కలిపి పై మార్జిన్ పెట్టండి. "నెక్స్ట్ స్టైల్" దగ్గర డిఫాల్ట్ పేజ్ స్టైల్ ఎంచుకుని, దానికి మామూలు మార్జిన్లు ఇవ్వండి. మాటర్ ఎంత పెరిగినా మొదటి కాగితం మీద చోటు అలాగే ఉంటుంది, ఎంటర్లు కొట్టి కిందికి దింపక్కర్లేదు. ప్రింటు నొక్కే ముందు ప్రింటర్ పెట్టెలో కాగితం ఏ4 అని ఉందేమో ఒకసారి చూడండి. పేజీ లీగల్, ప్రింటర్ ఏ4 అయితే ఒక స్టాంపు కాగితం దండగ.

ఎక్సెల్ లాంటి భాగమైన కాల్క్‌లో లక్షల కామాలు రాకపోతే ఫార్మాట్ సెల్స్‌లో కోడ్ గడిలో #,##,##0.00 అని కొట్టండి. 1234567 కాస్తా 12,34,567.00 అవుతుంది. తెలుగు, ఒడియా పేర్లున్న సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన టెక్స్ట్) జాబితాలకు కాల్క్ నయం. తెరవగానే అక్షరాల పద్ధతి అడుగుతుంది, యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేర్లు చెడవు. అదే పెట్టెలో ఖాతా నంబర్ల వరసను ఎంచుకుని "టెక్స్ట్" చెయ్యండి, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునీక్ ఫార్ములాలు 24.8లో వచ్చాయి. అంతకు ముందు వెర్షన్‌లో అవి ఉన్న ఫైలు తెరిస్తే తప్పులే కనిపిస్తాయి. మాక్రోల సంగతి మాత్రం మారలేదు. చిన్నవి నడుస్తాయి, బటన్లూ ఫారాలూ ఉన్నవి సగంలో ఆగుతాయి. ఆఫీసులు పంపే మాక్రో ఉన్న ఫారాన్ని ఇందులో నింపి సేవ్ చెయ్యకండి, లోపలి తనిఖీలు చెడిపోవచ్చు, అవతల తిరగ్గొడతారు.

కరెంటు పోయే ఊళ్లలో రెండు పనులు చెయ్యాలి. ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద ఆటోరికవరీ మామూలుగా పది నిమిషాలుంటుంది, రెండు చెయ్యండి. బ్యాకప్ కాపీకి కూడా టిక్కు పెట్టండి. కరెంటు వచ్చాక ఫైలు ఇంకెవరో వాడుతున్నారని చెబితే, అదే ఫోల్డర్లో చుక్కతో మొదలై లాక్ అన్న మాటతో ఉండే దాచిన ఫైలును తీసేయండి, అసలు ఫైలు జోలికి పోకండి. ప్రోగ్రామే తెరుచుకోకుండా మొరాయిస్తే విండోస్ స్టార్ట్ మెనూలో లిబ్రే ఆఫీస్ (సేఫ్ మోడ్) అనేది ఉంది. నూటికి తొంభైసార్లు యూజర్ ప్రొఫైల్ చెడడమే కారణం, అక్కడే దాన్ని కొత్తగా చెయ్యొచ్చు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే లాభం లేదు, చెడిన ప్రొఫైలు అలాగే మిగిలి ఉంటుంది.

తెలుగు స్పెల్‌చెక్ ఉంది గానీ, విభక్తి తగిలించిన మాట కనిపిస్తే చాలు ఎర్ర గీత గీస్తుంది. ఆపేసుకున్నాం. స్లైడ్లు చేసే ఇంప్రెస్‌ను ఇక్కడ అడిగేవాళ్లు తక్కువ. డేటాబేస్ భాగమైన బేస్ తెరవలేదు.

ఆఫీస్ 2016, 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇప్పుడు మారేవాళ్లు ఒక్క కంప్యూటర్లో అయినా లైసెన్సున్న ఎక్సెల్ ఉంచుకుని, మాక్రో ఫారాలు దాని మీదే నింపండి. మిగతా బల్లల మీద పైన చెప్పిన టెంప్లేటు, ఒడియా స్టైలు, అవే ఫాంట్లు అన్నిట్లోనూ ఒకేలా ఎక్కించాకే మొదటి అర్జీ కొట్టండి.