స్టాండ్‌బై డేటాబేస్: చేత్తో నడపాలా, బ్రోకర్‌కు అప్పగించాలా?

లాడ్జి గదుల బుకింగ్ చూసే ఒక సంస్థకు అసలు ఒరాకిల్ డేటాబేస్ తిరుపతిలో, దాని నకలుగా సిద్ధంగా ఉండే స్టాండ్‌బై చిత్తూరులో ఉన్నాయనుకుందాం. బ్రహ్మోత్సవాల రద్దీలో తిరుపతి సర్వర్ పడిపోయింది. ఇప్పుడు పనిని చిత్తూరు స్టాండ్‌బైకి మార్చాలి (దీన్నే ఫెయిలోవర్ అంటారు). ఎలా?

చేత్తో అయితే, ఒరాకిల్‌కు ఆదేశాలు టైపు చేసే ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో వాటిని వరుస తప్పకుండా ఇవ్వాలి. లోపల జరిగేదంతా కళ్లకు కడుతుంది, నేర్చుకునేవారికి మంచిదే. కానీ అర్ధరాత్రి నిద్రమత్తులో ఆ వరుస గుర్తుండాలి కదా!

స్టాండ్‌బైని నడిపే ఒరాకిల్ సదుపాయం డేటా గార్డ్. దాన్ని మన తరఫున నిర్వహించే బ్రోకర్‌లో ‘ఫెయిలోవర్ టు’ అన్న ఒక్క ఆదేశం చాలు. ముందే అనుకున్న మార్పిడికైతే ‘స్విచోవర్ టు’. స్టాండ్‌బై సిద్ధంగా ఉందో లేదో ‘వ్యాలిడేట్ డేటాబేస్’ చెబుతుంది. ఫాస్ట్-స్టార్ట్ ఫెయిలోవర్ పెడితే మనిషి లేకపోయినా పని జరుగుతుంది. దానికి కావలసిన అబ్జర్వర్‌ను (డేటాబేస్‌లను గమనిస్తుండే ప్రోగ్రామ్‌ను) మాత్రం మూడో చోట ఉంచాలి. తిరుపతి సర్వర్ పక్కనే పెడితే కరెంటు పోయినప్పుడు రెండూ కలిసే పోతాయి.

బ్రోకర్ వచ్చాక లాగ్‌లను (డేటాలో జరిగిన మార్పుల నమోదును) స్టాండ్‌బైకి పంపే సెట్టింగులను మళ్లీ చేత్తో కదపకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

నా ఓటు బ్రోకర్‌కే. ఒరాకిల్ స్టాండర్డ్ ఎడిషన్ వాడేవారికి డేటా గార్డ్ ఉండదు కాబట్టి, ఆర్కైవ్ లాగ్‌లు (దాచిన లాగ్ ఫైళ్లు) పంపే స్క్రిప్టులు రాసుకోవడం ఒక దారి.